మొదటిసారి సావిత్రిని చూపించాలంటే ఏది మేలు: మాయాబజారా, కన్యాశుల్కమా, మిస్సమ్మా?

2018లో సావిత్రి జీవితకథ ‘మహానటి’ సినిమాగా వచ్చినప్పటి నుంచీ నన్ను అందరూ ఇదే అడుగుతున్నారు. "మా పిల్లలు కీర్తి సురేశ్‌ని చూశారు గానీ అసలు సావిత్రిని చూళ్ళేదు. దేనితో మొదలెట్టమంటారు?" అని. నోటికొచ్చిన పేరేదో చెప్పి ఇన్నాళ్ళూ తప్పించుకున్నాను. మొన్న వేసవి సెలవులకి మా చెల్లెలి కూతురు విజయనగరం వచ్చాక ఆ వీలు లేకపోయింది. పద్నాలుగేళ్ళ గుంట. ఒక్క సినిమా చూస్తాను, బోరు కొట్టిందంటే రెండోది అడగొద్దు మావయ్యా అని ముందే ఒప్పందం చేసుకుంది.

‘మాయాబజార్’ అనే జవాబు ఎవరికైనా ముందు తడుతుంది. నాకూ తట్టింది. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నప్పుడు సావిత్రి చేసింది మామూలు పని కాదు. ఒళ్ళు ఆడపిల్లది, లోపలున్నది ఎస్వీ రంగారావు. భుజం విరుపు, చూపు, నడక అన్నీ ఆయనవే. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గొంతు నడుస్తుండగా మధ్యలో ఘంటసాల మగ గొంతు దూరుతుంది. ఆ రెండు గొంతుల్నీ ఒక్క మొహం మీద నిలబెట్టింది సావిత్రి. (సుశీల మా విజయనగరం ఆడపడుచు. ఘంటసాల ఇక్కడి సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర, మధూకరం ఎత్తుకుంటూ, అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుంటూ, నేర్చుకున్నవాడు. ఆ పాట వస్తే మా ఇంట్లో ఈ ముక్క ఎవరో ఒకరు చెప్పి తీరాలి.)

అయినా మాయాబజార్ పక్కన పెట్టాను. అది కె.వి.రెడ్డి సినిమా, రంగారావు సినిమా, మార్కస్ బార్‌ట్లే కెమెరా సినిమా. మొదటిసారి చూసే పిల్లకి లడ్డూలు గాల్లోకి లేవడం గుర్తుంటుంది, ‘వివాహ భోజనంబు’ గుర్తుంటుంది. సావిత్రి ఎలా చేసిందని అడిగితే "ఎవరు, ఆ పెళ్ళికూతురా?" అంటుంది. ఆమె గొప్పతనం తెలిసినవాడికి ఆ సినిమా పండగ. తెలియనివాడికి ఆమె ఆ పండగలో ఒక మనిషి, అంతే.

‘కన్యాశుల్కం’ దగ్గర మాత్రం ఇంట్లో గొడవయింది. "మనూరి కథ వదిలేసి ఇంకేటి సూపిస్తావురా" అని మా అమ్మ. ఆవిడ మాట తీసెయ్యలేం. 1892లో ఆ నాటకం మొదట ఆడింది ఈ ఊళ్ళోనే. గురజాడ వారి ఇల్లు ఇప్పటికీ ఉంది, కథలో వేశ్య మధురవాణి ఉన్నదీ విజయనగరంలోనే. పి.పుల్లయ్య 1955లో సినిమాగా తీసినప్పుడు గిరీశంగా రామారావు, రామప్ప పంతులుగా సి.ఎస్.ఆర్, లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు ఉన్నారు. సావిత్రి వేసిన మధురవాణి చిత్రమైన పాత్ర. గిరీశం దగ్గర ఒక మధురవాణి, రామప్ప పంతులు దగ్గర ఇంకో మధురవాణి, ఒక్కత్తే ఉన్నప్పుడు మూడో మధురవాణి. ఎదుటివాడి తెలివితక్కువతనం చూసి నవ్వాలి, కానీ ఆ నవ్వు వాడికి ప్రేమలా కనబడాలి. ఇది చెయ్యడానికి ఇరవై ఏళ్ళు అటూ ఇటూగా ఉన్న పిల్లకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ అనుభవం! చిర్రావూరులో పుట్టి, నాటకాల్లో ఆడి, ‘సంసారం’లో నాయిక వేషం చేజారితే చిన్న వేషంతో సరిపెట్టుకున్న మనిషి, ఐదేళ్ళకి మధురవాణి అయింది.

చిక్కేమిటంటే నాటకం తెలియని పిల్లకి ఆ సినిమాలో సగం అందదు. కన్యాశుల్కమంటే ఏమిటో, విధవా వివాహం మీద అంత రచ్చ ఎందుకో, సానివాళ్ళ మేజువాణీ (ఆటపాటల కచేరీ) కట్టించాలని ఒకడు, వద్దని ఇంకొకడు ఎందుకు కొట్టుకున్నారో, ఇవన్నీ మనం పక్కన కూచుని చెప్తూ ఉండాలి. అప్పుడది సినిమా కాదు, ట్యూషన్.

ఇక నేను తేల్చుకున్న సంగతి. మహానటి చూసిన పిల్లల బుర్రలో సావిత్రి అంటే కన్నీళ్ళు. తాగుడు, అప్పులు, కోమాలో పడి ఉన్న నెలలు, 1981 డిసెంబరులో చావు. ఆ మనిషి కథ తెలిసింది గానీ ఆమె పని తెలియలేదు. కాబట్టి మొదటి సినిమాలో సావిత్రి ఏడవకూడదు. మిగతావన్నీ తర్వాత. ఈ లెక్క పెట్టుకుంటే ‘దేవదాసు’ దానంతటదే పోతుంది, ‘చివరకు మిగిలేది’, ‘మూగమనసులు’ కూడా. మంచివే, మూడో నెలలో చూడొచ్చు.

మిగిలింది ‘మిస్సమ్మ’. అందులో సావిత్రి వేసిన మేరీ సినిమా పొడుగునా కోపంగా ఉంటుంది. ఉద్యోగం కోసం ముక్కూమొహం తెలియనివాడికి పెళ్ళాంగా నటించాలి. క్రైస్తవుల పిల్ల, హిందూ ఇల్లాలిలా మెలగాలి. అంటే సావిత్రి ఇక్కడ నటన రానిదాన్ని నటిస్తోంది. జమీందారుగారి ఇంట్లో వాళ్ళు ముద్దు చేసేకొద్దీ మేరీ మొహం ముడుచుకుంటుంది. రామారావు మీద విసుక్కుంటుంది, ఆ విసుగులో ఎక్కడో ఇష్టం మొదలవుతుంది, ఎక్కడని వేలు పెట్టి చూపించలేం. ‘రావోయి చందమామ’ ఇద్దరూ కలిసి పాడే పాటే. కానీ ఒకరి మీద ఒకరు చంద్రుడికి చెప్పుకునే చాడీలు అవి. (ఈ పాటకి బాణీ కట్టిన సాలూరి రాజేశ్వరరావూ మా వైపు మనిషే. ఇక చాలించుకుంటాను.)

ఆ వేషం మొదట భానుమతిది. కొంత తీశారు కూడా. వరలక్ష్మీ వ్రతం చేసుకుని ఆవిడ షూటింగుకి ఆలస్యంగా రావడం, నిర్మాత చక్రపాణి ఆవిణ్ణి క్షమాపణ చెప్పమనడం, ఆవిడ ససేమిరా అనడం అందరికీ తెలిసిన కథే. చెల్లెలి వేషానికి అనుకున్న సావిత్రి మేరీ అయింది, చెల్లెలి వేషం జమునకి వెళ్ళింది. భానుమతి చేసి ఉంటే మేరీ కోపం చూసి మనం భయపడేవాళ్ళం. సావిత్రి చేసింది కాబట్టి నవ్వుతాం. ఇది నా మాట, ఒప్పుకోనక్కర్లేదు.

పైగా 1955 జనవరిలో మిస్సమ్మ, ఆ నెలలోనే ‘అర్ధాంగి’, ఆ ఏడాదే ‘దొంగరాముడు’, కన్యాశుల్కం. ఒకే ఏడాది నాలుగు రకాల మనుషులు. అందుకని మిస్సమ్మతో మొదలెడితే మిగతావి అదే వరసలో చూడొచ్చు.

మా మేనకోడలికి అదే పెట్టాను. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. ఫోను తీస్తుందేమో అనుకున్నాను. "మావయ్యా, ఈవిడ ఎంత చిరాకు పడినా బావుంటాదేటి?" అంది చీకట్లో. అరగంటకి కరెంటొచ్చింది. అయిపోయాక రెండోది తనే అడిగింది. అమ్మ నా వైపు చూసింది. కన్యాశుల్కం పెట్టాం. ముందు రెండు రోజులు నాటకంలో మొదటి అంకం చదివించి మరీ పెట్టాను. గిరీశం, పంతులు, మంచం కిందా పైనా నడిచే ఆ తమాషా అంతా అమ్మే చదివి వినిపించింది, పూటకూళ్ళమ్మ గొంతు పెట్టి.