రాళ్లవాన రాత్రి, ఏసీ గది

లక్నవరం సరస్సు దగ్గరి కాటేజీ బిల్లు ఇంకా నా పర్సులోనే ఉంది. ఏసీ గది 3,200. రగ్గులు మూడు, ఒక్కోటి 150 చొప్పున 450. వేడినీళ్లు నాలుగు బకెట్లు, 60 చొప్పున 240. జనరేటర్ 300. మొత్తం 4,190 రూపాయలు. అదే చోట ఏసీ లేని గది 2,200కే ఉంది. అంటే చల్లదనానికి వెయ్యి రూపాయలు ఎక్కువ కట్టి, ఆ చల్లదనం తట్టుకోవడానికి మళ్లీ 690 కట్టామన్నమాట. ఇరవై రెండేళ్లుగా హనుమకొండలో పిల్లలకు సైన్సు చెబుతున్నాను. అవసరమైతే లెక్కలూ చెబుతాను. ఇలాంటి లెక్క మాత్రం ఏ పరీక్షలోనూ ఇవ్వలేదు.

2023 మార్చి, ఉగాదికి నాలుగు రోజుల ముందు మాట. మా వాడు అప్పుడు తొమ్మిదో తరగతి. మంచు చూడాలని రెండేళ్లుగా ఇంట్లో పోరు పెడుతున్నాడు. మనాలీ యాత్రకు రైలు ఖర్చులు కాక మనిషికి 24,000 అన్నారు. నలుగురికి లెక్క కట్టి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, రామప్ప, లక్నవరం చూసొద్దామన్నాను. వాడు జవాబు చెప్పకుండా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మా అత్తమ్మ మాత్రం సంబరపడింది. ఆమెది పెద్దపల్లి దగ్గరి పల్లె. రామప్ప పేరు వినడమే గానీ డెబ్భై ఏళ్లలో చూసింది లేదు.

ఒంటిపూట బడులు మొదలైన వారం కాబట్టి శనివారం మధ్యాహ్నం బయలుదేరాం. సంచి సర్దుతూ మా ఆవిడ, "రెండు దుప్పట్లు పెట్టనా?" అని అడిగింది. "మార్చిలో దుప్పట్లెందుకు, గొడుగు పెట్టు ఎండకు" అన్నాను. ఈ ఒక్క వాక్యం ఆ రాత్రి నాకు ఎన్నిసార్లు తిరిగి అప్పజెప్పిందో లెక్క లేదు.

కారు రెండు రోజులకు డీజిలు, డ్రైవరు బత్తాతో కలిపి 4,500. ఈ యాత్రలో న్యాయంగా ఖర్చయిన డబ్బు ఏదైనా ఉంటే అదే. ములుగు దాకా రోడ్డు బాగుంది. గట్టమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. ఆ దారిన పోయే బండి ఏదైనా అక్కడ ఆగాల్సిందే, మా డ్రైవరు అడగకుండానే ఆపాడు. ఎండ మాడు పగలగొడుతోంది. ఫోనులో 37 డిగ్రీలు. "చూశావా, దుప్పట్లు!" అన్నాను మా ఆవిడతో. అనకుండా ఉండాల్సింది.

రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరేసరికి మూడు కావస్తోంది. రామప్ప గురించి అందరూ రాసేదే, నేను వేరే చెప్పక్కర్లేదు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, ఇసుక పునాది, శిల్పి పేరుతో పిలవబడే దేవాలయం, 2021లో యునెస్కో గుర్తింపు. ఇవన్నీ మా వాడికి దారి పొడవునా చెప్పాను, వాడు విన్నట్టు లేదు. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిమీద తేలతాయి అన్నప్పుడు మాత్రం ఒక చెవి ఖాళీ చేసుకుని, "నిజంగానా?" అన్నాడు.

నాలుగవుతుండగా పడమటి దిక్కు నల్లబడింది. గాలి ఒక్కసారిగా ఆగిపోయి, తర్వాత ఎదురుగా చల్లగా కొట్టింది. మొదటి రాయి నంది మండపం పక్కన బండమీద పడి, గోళీలా ఎగిరి మా అత్తమ్మ కాళ్ల దగ్గరకు దొర్లింది. ఆమె దానివంక చూసి, "రాళ్లవాన! లోపలికి రండి!" అని కేక పెట్టింది. ఉన్నవాళ్లమంతా, ఒక ముప్పై మందిమి ఉంటాం, రంగమండపంలోకి పరుగెత్తాం. ఎనిమిది వందల ఏళ్ల కిందటి రాతి చూరు కింద, నల్లరాతి మదనికల బొమ్మల కాళ్ల దిగువన, నోరు తెరుచుకుని నిలబడిపోయాం.

పది నిమిషాలు కురిసి ఉంటుంది, అంతే. రేగుపండంత రాళ్లు, నడుమ నడుమ ఉసిరికాయంతవి కొన్ని. చప్పుడుకు పక్కవాళ్ల మాట వినపడలేదు. ఆగేసరికి గుడిముందు పచ్చగడ్డి లేదు, అంతా తెలుపే. ఆ వారమే వికారాబాద్ వైపు ఊళ్లు తెల్లబడిన వీడియోలు అందరి ఫోన్లలో తిరిగాయి. ఎవరో ఏదో అతికించి ఉంటారని నేను నవ్వాను కూడా. ఇప్పుడు నా చెప్పుల కిందే కరకరమంటోంది. మా వాడు ఇయర్‌ఫోన్లు జేబులో కుక్కి గడ్డిలోకి దూకాడు. దోసిళ్లతో ఎత్తి వాళ్లమ్మ మీద పోశాడు. "మనాలీ ఖర్చు మిగిలింది నాన్నా!" అన్నాడు. రెండేళ్లలో వాడు నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే.

"ఇది మంచేనా?" అని కూడా అడిగాడు. కాదు. మంచు మబ్బులోని ఆవిరి మెల్లగా స్ఫటికాలుగా అల్లుకుని రాలేది. ఇది వేరు. నేల కాగి కాగి వేడిగాలి పైకి తన్నుకుపోతుంది. పైన నాలుగైదు కిలోమీటర్ల ఎత్తున నీరు గడ్డకట్టేంత చలి. పైకెళ్లిన నీటిబొట్టు గడ్డకడుతుంది. గాలి దాన్ని కిందపడనివ్వకుండా మోస్తున్నంతసేపూ దానిమీద నీరు పొరలుగా పేరుకుంటుంది. గాలి మోయలేనంత బరువెక్కాక మన నెత్తిన పడుతుంది. అందుకే ఇది నడిచలికాలంలో కంటే ఎండలు ముదిరే వేళ ఎక్కువ. పాఠంలో ఇదంతా బోర్డుమీద గీస్తాను. ఆ రోజు బయట కొబ్బరిబోండాల అతను ఉసిరికాయంత రాయిని తన కత్తితో రెండు చెక్కలు చేసి ఇచ్చాడు. నడుమ పాలలా తెల్లటి చుక్క, చుట్టూ గాజులా పారదర్శకమైన వలయం, దాని చుట్టూ మళ్లీ తెలుపు. ఉల్లిగడ్డ కోసినట్టే ఉంది. వేగంగా గడ్డకట్టిన పొరలో గాలిబుడగలు చిక్కి తెల్లబడుతుంది, నిదానంగా గట్టిపడింది తేటగా ఉంటుంది. అరచేతిలో కరిగిపోయేదాకా మా వాడు దాన్ని చూస్తూనే ఉన్నాడు. మెట్ల పక్క నీటి గుంటలో రాళ్లు తేలుతుంటే వాడే అన్నాడు, "ఇవీ తేలుతున్నాయి, పైన ఆ ఇటుకలూ తేలతాయి." బోండాం 40 రూపాయలు. కోసిపెట్టినందుకు విడిగా పది ఇస్తే అతను తీసుకోలేదు.

ఇంతవరకు హాయి. ఇక కాటేజీ.

పేరు రాయను. సరస్సుకు ఇవతల రోడ్డు పక్కన ఉంది, ప్రైవేటుది. వెళ్లేసరికి ఏడయింది, కరెంటు లేదు. గాలికి ఎక్కడో తీగలు తెగాయట. ఫోనులో 20 డిగ్రీలు, తడిగాలి. ఏసీ వద్దు, మామూలు గది ఇవ్వమన్నాను. బల్ల దగ్గరి కుర్రాడు యజమానికి ఫోను చేసి, బుక్ చేసింది మార్చడం కుదరదన్నాడు. "కరెంటే లేదు కదా బాబూ, ఏసీ ఎలా నడుస్తుంది?" అంటే, "గదిలో ఏసీ ఉంది సార్, నడుపుకోవడం నడుపుకోకపోవడం మీ ఇష్టం" అన్నాడు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు, నేర్పిన మాటలు చెబుతున్నాడు.

మంచం మీద పల్చటి దుప్పటి ఒకటి. రగ్గులు అడిగితే ఒక్కోటి 150 అద్దె. నలుగురికి నాలుగు అడిగాను, మూడే ఉన్నాయన్నాడు. తెచ్చినవాటికి కిరసనాయిలు వాసన, ఒకదానికి నడుమ పిడికిలి పట్టేంత చిరుగు. ఆ చిరుగుది నాకు దక్కింది. కోడికూర 280, కారం తప్ప ఇంకేం లేదు అందులో. ఎనిమిదిన్నరకు జనరేటర్ వేశారు. లైటు వెలిగింది, దాంతోపాటు ఫానూ తిరగడం మొదలెట్టింది. ఆపుదామని చూస్తే స్విచ్చు బోర్డులోంచి ఊడి వేలాడుతోంది. కుర్రాడిని పిలిస్తే కర్ర తెచ్చాడు! కర్రతో రెక్కను ఆపుదామని వాడి ఉద్దేశం. వద్దని పంపేశాను. చివరికి జనరేటరే ఆపేయమని బతిమాలాం. గంట కూడా నడవని ఆ యంత్రానికి, అందులోనూ చలిలో మా నెత్తిన ఫాను తిప్పినందుకు, 300.

చీకట్లో మా అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, "శివరాత్రికి శివశివా అని పోయిన చలి ఉగాదికి చుట్టంలా తిరిగొచ్చింది" అంది. వాళ్ల ఊళ్లో రాళ్లవాన పడితే వాకిట్లోకి రోకలి విసిరేవాళ్లట. విసిరితే ఆగేదా అని మా వాడు అడిగితే, "ఆగేదాకా విసిరేవాళ్లం" అంది. మా ఆవిడ మాత్రం గంటకోసారి "గొడుగు ఎక్కడ పెట్టాను?" అని చీకట్లో సంచి వెతికినట్టు నటించింది. నేను నిద్రపోతున్నట్టు నటించాను.

పొద్దున బిల్లు విషయంలో గొడవ పడ్డాను. యజమాని ఫోనులో, "మీరు టీచరు కదా సార్, ఇంత చిన్నదానికి..." అన్నాడు. టీచర్ల జీతంలో 150 చిన్నదని ఎవరు చెప్పారో. అటు వెళ్లేవాళ్లకు ఒకటే మాట: రగ్గు, వేడినీళ్లు, జనరేటర్ గది అద్దెలో కలిసి ఉన్నాయో లేదో డబ్బు పంపేముందే రాతలో అడగండి. ఏప్రిల్ వచ్చేదాకా ఏసీకి ఎక్కువ కట్టకండి. మార్చి అయినా సరే, దుప్పట్లు పెట్టుకోండి (మా ఆవిడ ఈ వాక్యం రాయించింది).

లక్నవరం చూశాం. వేలాడే వంతెన దాటాం, బోటెక్కాం. బాగుంది.

తిరుగు దారిలో, ములుగు దాటాక, రోడ్డు పక్క పొలమంతా ఎర్రగా కనిపించి డ్రైవరే బండి ఆపాడు. మిరప కల్లం. రాత్రి కప్పిన టార్పాలిన్లను గాలి ఎత్తి అవతలి చేనులో పడేసిందట. భార్యాభర్తలిద్దరూ తడిసిన కాయను పలచగా పరుస్తున్నారు. చినుకు ఇంకా పడుతూనే ఉంది. మా అత్తమ్మ చేతులు ముడుచుకుని నిలబడితే ఆ రైతు ఏమీ అనకుండా గుడిసెలోంచి నల్ల గొంగడి తెచ్చి, "కప్పుకో పెద్దమ్మా" అని భుజాల మీద వేశాడు. ముతక ఉన్ని, గొర్రె వాసన. చినుకులు దానిమీద పూసల్లా నిలిచి జారిపోతున్నాయి గానీ లోపలికి ఇంకడం లేదు. రాత్రంతా 450 రూపాయలకు దొరకని వెచ్చదనం.

ఇంతలో రైతు భార్య పొయ్యిమీద సర్వపిండి చేయడం మొదలెట్టింది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, వెల్లుల్లి, పచ్చిమిరప కలిపి, సర్వ గిన్నె లోపలి గోడలకు అంటేలా పల్చగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి మూత పెట్టింది. "మావైపు సర్వప్ప అంటాం" అని మా ఆవిడ అంటే, "తపాల చెక్క అనేవాళ్లూ ఉన్నారక్కా, ఏమన్నా తినేది ఇదే కదా" అంది ఆమె. అడుగంటిన ఎర్రటి పెళుసు ముక్కకోసం మా వాడూ డ్రైవరూ పోటీ పడ్డారు. నేను ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాడినే, సర్వపిండి వందసార్లు తిన్నవాడినే. అంత వేడిగా, అంత చలిలో తినలేదు.

రైతు ఒక కాయ చేతికిచ్చాడు. తడికి ఉబ్బి, తొడిమ దగ్గర మెత్తబడింది. ఇలాంటివి ఎండినా రంగు పోయి తెల్లబడతాయి. తాలు అంటారు, ధర సగానికి కూడా పోదు. "మంచి కాయ ఎనుమాముల మార్కెట్లో క్వింటాలు ఇరవై వేల దాకా పోతోంది సారూ, ఇంకో నాలుగు రోజులు ఎండితే బస్తాలకు ఎత్తేవాణ్ని" అన్నాడు. పోయిన ఏడాది సంక్రాంతికి ముందు కూడా రాళ్లవానే కొట్టింది, అంతకుముందే తామర పురుగు సగం తినేసింది. ఈసారి పంట బాగా వచ్చిందనుకున్నాడు. "చేలో పోతే నష్టం రాసుకోవడానికి ఎవరైనా వస్తారు. కోసి కల్లంలో పోసినదాన్ని ఎవరు రాస్తారు?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. నిన్న ఇదే వానలో నా కొడుకు దోసిళ్లతో ఆడుకున్న ఫొటోలు నా ఫోనులో ఉన్నాయి. మా వాడు వాటిని రైతు పిల్లవాడికి చూపించబోయి, మధ్యలో ఆగి, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

అందరం కలిసి గంటసేపు కాయ పరిచాం. మా డ్రైవరు అవతలి చేనులోంచి టార్పాలిన్లు లాక్కొచ్చాడు. తిన్నదానికి డబ్బులిస్తే తీసుకోలేదు. రెండు కిలోల మిరప కొంటామంటే, తడిది అమ్మనన్నాడు. మా ఆవిడ మొండికేసి 400 చేతిలో పెట్టింది. ఆత్మకూరు దాకా వచ్చాక చూస్తే గొంగడి మా అత్తమ్మ భుజాలమీదే ఉంది. బండి వెనక్కి తిప్పాం. డ్రైవరు దానికి పైసా అడగలేదు.

ఆ గురువారం అప్పటి ముఖ్యమంత్రి మా వైపు జిల్లాల్లో పొలాలు చూసి ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించారని మర్నాడు పేపర్లో చదివాను. కల్లాల మాట ఉందేమోనని ఆ వార్తను రెండుసార్లు వెతికాను.

మేం తెచ్చిన రెండు కిలోలను డాబామీద పన్నెండు రోజులు ఎండబెట్టాం. సగానికి పైగా తెల్లబడ్డాయి. మా ఆవిడ వాటిని ఏరి పారేయకుండా విడిగా డబ్బాలో పోసింది.