నాలుగేళ్ల వాడకం తరువాత: గింజల గొట్టం, వరికుచ్చు, కొయ్య గూడు, మట్టి మూకుడు

కోనసీమలోని మా పెరటికి పిట్టలను రప్పించడానికి 2021 నుంచి నేను నాలుగు వస్తువులను వాడి చూశాను. వాటిలో అన్నింటికన్నా ఖరీదైనది, ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్లాస్టిక్ గింజల గొట్టం, అన్నింటికన్నా ముందుగా అటకెక్కింది. ముసురు పట్టిన రోజుల్లో లోపలి కొర్రలు చెమ్మగిల్లి, బూజు పట్టి, రంధ్రాలకు అడ్డుపడేవి. మిగిలిన పని ఉడుతలు పూర్తి చేశాయి.

దాని స్థానంలో వసారా దూలానికి వరికుచ్చు, అంటే వరి కంకులను అల్లిన కుచ్చు, కట్టాను. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు యంత్రంతో జరుగుతున్నందున గడ్డి నలిగిపోయి కుచ్చుకు పనికిరాదు కాబట్టి, గట్టు పక్కన కొంత చేనును కొడవలితో కోసి ఇమ్మని ముందుగానే రైతుకు చెప్పుకోవాలి. కాడలో ఇంకా పచ్చి ఉండగానే అల్లాలి, పూర్తిగా ఎండితే విరిగిపోతుంది. కట్టిన తొమ్మిదో రోజున పిచ్చుకలు వాలాయి. పిచ్చుక కంకిని పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ ఒక్కొక్క గింజనే లాగి, ముక్కుతో దొర్లించి, ఊకను రాల్చి బియ్యపుగింజను మాత్రమే మింగుతుంది. ఆ ఊకను రోజుకు రెండుసార్లు ఊడ్చే మా అమ్మకు ఈ సమీక్షలో నా అంత ఉత్సాహం లేదు.

కొయ్య గూటికి ఒకటింపావు అంగుళం రంధ్రం ఉండడం వల్ల గోరువంకలు దూరలేవు. పడమటి ఎండ తగిలే గోడకు బిగించినంత కాలం దానిని ఏ పిట్టా పట్టించుకోలేదు. తూర్పు చూరు కిందికి మార్చిన మరుసటి ఏడాది పిచ్చుకల జంట చేరింది. తల్లీతండ్రీ పిల్లలకు పెట్టినవి ధాన్యపు గింజలు కావు, మా వంగమొక్కల మీది పచ్చపురుగులు. అది చూసిన నాటి నుంచి పెరట్లో పురుగుమందు కొట్టడం మానేశాను.

అయితే నాలుగింటిలో ఒక్కటే ఉంచుకోమంటే పిట్టలకు నీళ్లు పోసి పెట్టే మట్టి మూకుడునే ఉంచుకుంటాను. దాళ్వా (రబీ వరి) పంట చేతికొచ్చాక గోదావరి కాలువలు కట్టేస్తారు, పొలాలకు నీరు తెచ్చే పంటబోదెలు ఎండిపోతాయి. అప్పటిదాకా మా గడప తొక్కని పికిలిపిట్టలు సైతం నడివేసవి మధ్యాహ్నాలలో మూకుడు అంచున వరుసకడతాయి. నీరు రెండు అంగుళాలకు మించకూడదు, చిన్న పిట్టలు నిలబడడానికి మధ్యలో ఒక పెంకుముక్క ఉంచాలి. పిల్లి నక్కేందుకు చుట్టూ పొదలు ఉండకూడదు, ఎగిరి వాలడానికి మాత్రం దగ్గరలో ఒక కొమ్మ ఉండాలి. మాకు ఆ పని జామచెట్టు చేస్తోంది. దోమలు పెరగకుండా రోజూ నీరు పారబోసి, సబ్బు తగలనీయకుండా కొబ్బరిపీచుతో తోముతాను.

వరికుచ్చుతో తీరని చిక్కు ఎలుకలు. రాత్రివేళ తాడు వెంట దిగి, తెల్లవారేసరికి ఒట్టి గడ్డిని మిగుల్చుతున్నాయి. అందువల్ల ప్రస్తుతం చీకటి పడకముందే కుచ్చును విప్పి రేకు డబ్బాలో పెట్టి, కాకి కూసే వేళకు మళ్లీ కడుతున్నాను.