హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీ: జట్టు ఊరు విడిచాక కూడా తొడుగుతున్నవాడి సమీక్ష

మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ ఇది. దీని గుడ్డ, కొలతలు, మెడపట్టీ గురించి రాయడం అనవసరం. నగరంలో ఏ ఆటవస్తువుల దుకాణంలోనైనా దొరికే పాలిస్టర్ జెర్సీలకూ దీనికీ ఆ విషయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా ఇది క్లబ్బు అమ్మిన అసలు సరుకు కాదు, గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం బయట తోపుడుబండి మీద కొన్న నకలు. నేను రాయదలచినది దీని పసుపు రంగు గురించి. ఇంతగా సంతోషపెట్టి, ఇన్ని అపార్థాలకు గురిచేసిన రంగు నా బట్టల్లో మరొకటి లేదు. జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్న తరువాత కూడా, సెలవురోజున బీరువా తెరిస్తే చెయ్యి ముందుగా దీని మీదికే పోతుంది.

ఈ పసుపు మీద మోజు 2022 మార్చి 20న మొదలైంది. గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఆ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌లో, లీగ్ పట్టికలో ప్రత్యర్థి కంటే పైనున్న హైదరాబాద్‌కు పసుపు దక్కగా, ఆ రంగు తమ సొత్తని నమ్మే కేరళ బ్లాస్టర్స్ నలుపు నీలం చారలు తొడుక్కోవలసి వచ్చింది. గ్యాలరీలను నింపిన వారి అభిమానులు మాత్రం పసుపులోనే వచ్చారు. మా సాహిల్ తవోరా 88వ నిమిషంలో స్కోరు సమం చేయడం, పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపడం టీవీలో చూసినవారికి గుర్తుండే ఉంటాయి. టీవీలో అని ఎందుకు అంటున్నానంటే, కోవిడ్ కారణంగా వరుసగా రెండు సీజన్లు మొత్తం గోవాలోనే నడిచాయి కనుక, కప్పు గెలిచిన సీజన్‌లో ఒక్క ఆట కూడా మా ఊళ్లో జరగలేదు. ఛాంపియన్లయిన జట్టును నగరం తన మైదానంలో చూసేసరికి తరువాతి సీజన్ వచ్చింది.

ఆ సీజన్‌లోనే, 2022 నవంబరులో కేరళ బ్లాస్టర్స్ గచ్చిబౌలికి వచ్చినప్పుడు ఈ జెర్సీ కొన్నాను. బండి మీద రెండు జట్ల జెర్సీలూ ఒకే కుప్పలో ఉన్నాయి. ఛాతీ మీది క్లబ్బు గుర్తు బిళ్ల చూసి ఏరుకోవలసిందే. లోపల నా చుట్టూ ఉన్న పసుపునంతా చూసి మా ఊరు ఎట్టకేలకు ఫుట్‌బాల్‌కు లేచి వచ్చిందని పొంగిపోయాను. కేరళ ఆటగాడు డయమాంటకోస్ గోలు కొట్టగానే ఆ పసుపులో సగానికి పైగా లేచి ఎగిరింది. ఆ ఒక్క గోలుతోనే వారు గెలిచి వెళ్లారు. పక్కసీటులోని మలయాళీ యువకుడు అంతవరకు నన్ను తమవాడే అనుకున్నాడట. క్షమాపణ చెప్పి అరటికాయ చిప్స్ ఇచ్చాడు.

బయట పరిస్థితి ఇంకొక రకం. వేసవిలో దీన్ని తొడిగి బయటికి వెళ్తే ధోనీ గురించి అడుగుతారు, చెన్నై సూపర్ కింగ్స్ జెర్సీ అనుకుని. ఎన్నికల కాలంలో గుంటూరు వెళ్లినప్పుడైతే మా బాబాయి గుమ్మంలోనే ఆపి, "ఏరా, ఎప్పుడు చేరావు పార్టీలో?" అన్నారు. వారి వీధిలో సగం ఇళ్లు వేరే జెండావి కావడంతో ఆ సాయంత్రం చొక్కా మార్చుకునే టిఫిన్‌కు వెళ్లాను. హైదరాబాద్ ఎఫ్‌సీ కదా అని తమంతట తాము గుర్తుపట్టినవారు అతి తక్కువ.

అయితే ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఛాతీ మీది బిళ్ల ఊడిపోవడం. అది వేడితో అతికించిన ప్లాస్టిక్ పొర. ఉతుకుల్లో అంచులు లేచి, చివరికి సగం ముద్ద కట్టింది. పాతబస్తీలో జెర్సీల మీద పేర్లు, అంకెలు వేసే ఒక చిన్న దుకాణానికి తీసుకువెళ్లి దారంతో కుట్టమని అడిగాను. కౌంటర్ దగ్గరి కుర్రవాడు, "ఆ టీమ్ లేదు కదా సార్, ఇంకెందుకు?" అని నిజాయతీగానే అడిగాడు. నగరంలో ఇప్పుడు అభిమానం ఎటు పోతున్నదో తెలుసుకోవాలంటే అలాంటి దుకాణంలో ఒక గంట కూర్చుంటే చాలు. మెస్సీ పేరుతో పదో నంబరు, రొనాల్డో పేరుతో ఏడో నంబరు, రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, మాంచెస్టర్ యునైటెడ్. ఐటీ కంపెనీల లోపలి పోటీల కోసం అచ్చం అర్జెంటీనా చారలతో పదకొండు చొక్కాలు. కేరళ బ్లాస్టర్స్‌కు కూడా గిరాకీ ఉందట. ఊరి పేరున్న బిళ్ల అడిగినవాడిని ఆ రోజు నేనొక్కణ్ణే.

మిషను మీద కూర్చున్న పెద్దాయన బార్కస్ వాసి. ఫుట్‌బాల్ ఇంకా గల్లీల్లో మిగిలిన పేటల్లో అది ఒకటి. ఆయన జెర్సీని తిప్పి చూసి, మా ఊరికి జట్టు పోవడం కొత్తేమీ కాదన్నారు. రహీం సాహెబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన భారత జట్లకు కూడా ఆయనే కోచ్. 1963లో ఆయన పోయారు. మంచి కుర్రవాళ్లను కలకత్తా క్లబ్బులు తీసుకుపోవడం అంతకు ముందే మొదలై, ఆ తరువాత కూడా ఆగలేదు. ఈ చరిత్ర నేను చదివినదే. చదవనిది ఈ పెద్దాయన ఇంటి సంగతి. మా ఊరి నుంచి కలకత్తా వెళ్లిన ఆటగాడు మహమ్మద్ హబీబ్ అక్కడి ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆడినంత కాలం పెద్దాయన ఇల్లు ఈస్ట్ బెంగాల్ పక్షం. దాని చిరకాల ప్రత్యర్థి మోహన్ బగాన్‌కు హబీబ్ మారగానే ఇల్లూ మారేది. మొహమ్మడన్ స్పోర్టింగ్‌కు ఆడినప్పుడు అటు. కలకత్తాలో ఇలా చేస్తే వెలివేస్తారు కదా అంటే, "మాకు కలకత్తాతో ఏం పని భాయ్, హబీబ్ మావాడు" అన్నారు. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున హబీబ్ గోలు కొట్టిన సంగతి ఆయన చెబుతుంటే, ఆ గోలు బార్కస్ మైదానంలోనే పడిందేమో అనిపించింది.

హబీబ్ మావాడన్న మాట విన్నాకనే ఢిల్లీ జట్టు పట్ల నాకు ఏ మమకారమూ ఎందుకు కలగడం లేదో అర్థమైంది. కప్పు గెలిచిన మా జట్టులో ఒగ్బెచే నైజీరియావాడు, నర్జారీ అసోంవాడు, కట్టిమణి, తవోరా గోవావారు. ఎంతో ఇష్టంగా చూశాను గానీ, వారిలో ఎవరి ఇల్లూ మా ఊళ్లో లేదు. 2023-24లో జట్టు చెదిరి, 22 ఆటల్లో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచేనాటికి వారిలో చాలామంది వెళ్లిపోయారు. నేను ఎవరి వెంటా వెళ్లలేదు. పెద్దాయన ఇంటివారికి జట్టు పోయినా వెంట వెళ్లడానికి ఒక మనిషి ఉన్నాడు. నాకు మిగిలినది రంగు మాత్రమే.

దారంతో కుట్టిన బిళ్ల బ్రహ్మాండంగా వచ్చింది. అయితే దాని బరువుకు పల్చటి గుడ్డ ఎడమవైపు కాస్త కిందికి లాగుతోంది, చెమట పట్టినప్పుడు లోపలి దారాలు గుచ్చుకుంటాయి కూడా. రంగును ఇంతసేపు పొగిడాను గానీ, ల్యాప్‌టాప్ సంచి ఆనే భుజాల దగ్గర అది ఇప్పటికే నిమ్మపండు రంగుకు దిగింది. ఎండలో ఆరేసేవారికి ఇంకా త్వరగా పోతుందనుకుంటాను. మా ఇంట్లో బాల్కనీకి ఎండ తగలదు కనుక ఇంతకాలం నిలిచి ఉండవచ్చు.

కొనమని సలహా ఇవ్వగలనా అంటే, అది మీరు ఎక్కడుంటారన్న దాని మీద ఆధారపడుతుంది. ఊళ్లో వృత్తి ఫుట్‌బాల్ పూర్తిగా అంతరించలేదు. ఐఎస్ఎల్ తరువాతి స్థాయి లీగ్ అయిన ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి డెక్కన్ ఇక్కడిదే. మొయినాబాద్ వైపు ఉండేవారికి నా జెర్సీ కంటే ఆ జట్టు జెర్సీయే అర్థవంతం. నేను నగరానికి అవతలి కొసన ఉంటాను, వారాంతపు ట్రాఫిక్‌లో అక్కడికి వెళ్లిరావడానికి ఒక పూట పడుతుంది, అందువల్ల తరచు వెళ్లలేకపోతున్నాను. పాతదానిలో ఎవరి దగ్గరైనా మిగులు సరుకు కనబడితే, ప్రశ్నలకు జవాబులు చెప్పే ఓపిక ఉన్నవారు ఒక సైజు పెద్దది తీసుకుని, బిళ్లను మొదటి వారంలోనే కుట్టించుకోవడం మేలు. మా మేనల్లుడికి కొనిస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. వాడికి రొనాల్డో ఆడే అల్ నస్ర్ జెర్సీ కావాలట. అదీ పసుపే.