ఓజీకి ముందు రాండీ: 'ద రాండీ రోడ్స్ ఇయర్స్' ఏళ్ల తరబడి విన్నాక

హెవీ మెటల్ రాక్ వినేవాళ్లలో గిటారిస్టు రాండీ రోడ్స్ పేరు తెలియనివాళ్లు అరుదు. ఆ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేవి మాత్రం గాయకుడు ఓజీ ఆస్బోర్న్‌తో చేసిన రెండు స్టూడియో ఆల్బమ్‌లే: 1980లో 'బ్లిజర్డ్ ఆఫ్ ఓజ్', 1981లో 'డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్'. 1982 మార్చి 19న ఫ్లోరిడాలోని లీస్‌బర్గ్ దగ్గర చిన్న విమానం కూలి చనిపోయేనాటికి అతనికి పాతికేళ్లు. ఓజీ దగ్గరికి వెళ్లకముందు లాస్ ఏంజెలస్ క్లబ్బుల్లో క్వైట్ రయట్ బ్యాండ్‌తో ఏళ్ల పాటు వాయించాడని చాలామంది చదివే ఉంటారు, ఆ వాయింపు విన్నవాళ్లు మాత్రం తక్కువ. ఆ కాలపు రికార్డింగులను ఏరి 1993లో రైనో లేబుల్ తెచ్చిన సంకలనమే 'ద రాండీ రోడ్స్ ఇయర్స్'.

ఈ సీడీ నా దగ్గర చాలా కాలంగా ఉంది. మొదట్లో అభిమానంతో విన్నాను, తర్వాత గిటార్ సాధన చేస్తూ విన్నాను, ఇప్పటికీ వింటూనే ఉన్నాను. నా మాట ఇది: గిటార్ కోసమైతే కళ్లు మూసుకుని కొనండి. 1970ల నాటి క్వైట్ రయట్ ఎలా ఉండేదో ఉన్నదున్నట్టు వినాలనుకుంటే మాత్రం కింద రాసింది చదివి నిర్ణయించుకోండి.

ముందు కొంచెం నేపథ్యం. 1973లో రాండీ, బేస్ గిటార్ వాయించే అతని చిన్ననాటి స్నేహితుడు కెల్లీ గార్నీ కలిసి ఈ బ్యాండ్ మొదలుపెట్టారు. గాయకుడిగా కెవిన్ డుబ్రో, డ్రమ్స్‌కు డ్రూ ఫోర్సైత్ వచ్చారు. ఊళ్లో క్లబ్బులు నిండిపోయేవి, కానీ అమెరికాలో ఏ పెద్ద లేబులూ ఒప్పందం ఇవ్వలేదు. అవే క్లబ్బుల్లో వాయించిన వాన్ హేలెన్ బ్యాండ్ 1978లో తొలి ఆల్బమ్‌తో ప్రపంచమంతా మారుమోగిపోయింది. క్వైట్ రయట్ తొలి రెండు ఆల్బమ్‌లు మాత్రం జపాన్‌లో తప్ప ఎక్కడా విడుదల కాలేదు. సొంత ఊరి అభిమానులే వాటిని జపాన్ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. రాండీ పోయాక, 1983లో, డుబ్రో కొత్త సభ్యులతో చేసిన 'మెటల్ హెల్త్' ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ఒకటో స్థానానికి చేరింది. అంత పేరొచ్చినా రాండీ ఉన్న పాత ఆల్బమ్‌లు అమెరికా దుకాణాల్లోకి రాలేదు. ఈ సంకలనం విలువ అక్కడే ఉంది.

మొత్తం పది పాటలు. 'ఇట్స్ నాట్ సో ఫన్నీ', 'లుక్ ఇన్ ఎనీ విండో' మొదటి జపాన్ ఆల్బమ్‌లోవి. 'ట్రబుల్', 'కిల్లర్ గర్ల్స్', 'ఆఫ్టర్‌గ్లో' రెండోదాంట్లోవి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఆ రెంటిలోనూ లేనివే.

ఈ సీడీకి ప్రాణం రెండో ట్రాక్, 'లాఫింగ్ గ్యాస్' లైవ్ రికార్డింగ్. పాట సంగతి పక్కన పెట్టండి, మామూలు రాక్ పాటే. మధ్యలో బ్యాండ్ ఆగిపోతుంది, రాండీ ఒక్కడే మిగులుతాడు. ఓజీ ఆల్బమ్‌లలో అతను ఒకే సోలోను రెండు మూడుసార్లు అచ్చు గుద్దినట్టు వాయించి, ఒకదానిమీద ఒకటి పేర్చేవాడు. ఆ మందం, ఆ మెరుపు అక్కణ్ణుంచే వచ్చాయి. ఇక్కడ అదేమీ లేదు. ఒక గిటార్, రెండు చేతులు, ఎదురుగా అరుస్తున్న జనం. ఎడమచేతి వేళ్లతో కొట్టే ట్రిల్స్ (రెండు స్వరాలను వేగంగా మార్చి మార్చి పలికించడం) ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో, తీగలు మీటే పిక్ తీగను ఎక్కడ తాకుతోందో, ఒక వరుస నుంచి ఇంకో వరుసకు వెళ్లేముందు ఎంత ఊపిరి తీసుకుంటున్నాడో అన్నీ తెలుస్తాయి. ఓజీ 1987లో విడుదల చేసిన 'ట్రిబ్యూట్' లైవ్ ఆల్బమ్‌లోని పెద్ద సోలో తెలిసినవాళ్లకు ఇందులోని కొన్ని ముక్కలు వెంటనే తగులుతాయి. అంటే ప్రపంచం 1981లో చూసి నోరెళ్లబెట్టిన ఆ సోలోను అతను అప్పటికే ఏళ్ల తరబడి చిన్న క్లబ్బుల్లో జనం ముందు చెక్కుతూ వచ్చాడన్నమాట.

నేను దీన్ని ఫోన్‌లో వేగం సగానికి తగ్గించి విన్నాను, చాలాసార్లు. మామూలుగా వేగం తగ్గిస్తే వాయించేవాళ్ల లోపాలు బయటపడతాయి: మింగేసిన స్వరాలు, సరిగ్గా పడని పిక్. ఇక్కడ ఒక్కో స్వరం విడివిడిగా, గట్టిగా నిలబడి ఉంటుంది. అతని తల్లి డెలోరెస్ నార్త్ హాలీవుడ్‌లో మ్యూసోనియా అనే సంగీత పాఠశాల నడిపేవారు. ఆ రోజుల్లో రాండీ పగలు అక్కడ గిటార్ పాఠాలు చెప్పేవాడు, రాత్రి క్లబ్బుల్లో వాయించేవాడు. రోజూ పిల్లలకు నెమ్మదిగా వాయించి చూపించే మనిషి చేతికి ఆ స్పష్టత రావడంలో నాకు ఆశ్చర్యం లేదు. సాధన చేసేవాళ్లకు ఓజీ ఆల్బమ్‌లకంటే ఈ ఒక్క ట్రాక్ ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం.

ఎనిమిదో పాట 'ఫోర్స్ ఆఫ్ హ్యాబిట్' కూడా వదలకూడనిదే. అందులోని రిఫ్ (పాటలో పదే పదే వచ్చే గిటార్ ముక్క) వింటుంటే ఓజీతో చేసిన 'సూయిసైడ్ సొల్యూషన్' చెవిలో మెదులుతుంది. 'ట్రబుల్' రిఫ్ బరువుగా ఉంటుంది, మొదటి పాటగా పెట్టడం సరైన పని. 'ఆఫ్టర్‌గ్లో' స్మాల్ ఫేసెస్ అనే బ్యాండ్ పాట, ఇక్కడ బాగానే ఒదిగింది. 'కిల్లర్ గర్ల్స్' లాంటివి 1970ల గ్లామ్ రాక్ ధోరణిలో సాగే హుషారు పాటలు. ఒకసారి విని, రాండీ సోలో దగ్గర మాత్రం వెనక్కి తిప్పి మళ్లీ వినేవి. మెటల్ మాత్రమే కావాలనుకునేవాళ్లకు కొన్ని పాటలు మరీ తేలిగ్గా అనిపించవచ్చు.

ఇక నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం. ఈ సంకలనం కోసం పాటలను కొత్తగా మిక్స్ చేశారు (గొంతు, వాయిద్యాల పాళ్లు మళ్లీ కుదిర్చారు), చాలా పాటల్లో డుబ్రో తన గొంతును మళ్లీ పాడి ఎక్కించాడు. గిటార్ ఇరవై ఏళ్ల కుర్రాడిది, గొంతు నలభైకి దగ్గరపడుతున్న, 'మెటల్ హెల్త్' విజయం చూసిన గాయకుడిది. పాడటంలో తప్పు పట్టలేం, పాత పాటలకంటే పట్టు ఎక్కువే ఉంది. కానీ వినేవాడికి రెండు కాలాలు ఒకే గదిలో వినిపిస్తాయి. 1970ల క్వైట్ రయట్ పాటల్లో ఉండే కుర్రతనం, కాస్త తడబాటు, అమెరికాలో ఎవరూ పట్టించుకోని బ్యాండ్‌కి ఉండే ఆకలి అతని పాత గొంతులో ఉండేవి. అవి పోయాయి. తన పాత గొంతు డుబ్రోకి నచ్చి ఉండకపోవచ్చు, ఏ గాయకుడికైనా అది సహజమే. అయినా చనిపోయిన మిత్రుడి తొలి రోజులను లోకం ముందు పెడుతున్నప్పుడు తన తొలి రోజులనూ అలాగే వదిలేసి ఉంటే బాగుండేది. 2007లో డుబ్రో కూడా చనిపోయాడు. ఇప్పుడు ఆ కుర్ర గొంతు విలువ ఇంకా పెరిగింది.

మిక్సింగ్ వల్ల మేలూ జరిగింది, అదీ చెప్పాలి. జపాన్ ఆల్బమ్‌లలో గిటార్ సన్నగా, వెనక ఎక్కడో ఉన్నట్టు వినిపిస్తుంది. ఇక్కడ ముందుకొచ్చింది, బరువు తెలుస్తుంది. మంచి హెడ్‌ఫోన్స్‌లో వింటే తేడా స్పష్టం. కారులో, ఫోన్ స్పీకర్‌లో వింటే డుబ్రో గొంతే అంతా కప్పేస్తుంది.

ఇంకో లోటు, 'స్లిక్ బ్లాక్ కాడిలాక్' ఇందులో లేకపోవడం. రెండో జపాన్ ఆల్బమ్‌లోని ఆ పాటను తర్వాత 'మెటల్ హెల్త్'లో మళ్లీ రికార్డు చేశారు, గిటార్ కార్లోస్ కవాజోది. రాండీ వాయించినది కూడా ఇక్కడ ఉండి ఉంటే, ఒకే పాటను ఇద్దరు ఎలా పట్టుకున్నారో పక్కపక్కనే పెట్టి వినే అవకాశం దొరికేది. రాండీ పేరు మీద వచ్చిన సంకలనంలో దాన్ని వదిలేయడం నాకు అర్థం కాదు.

రాండీని ఇంతవరకూ విననివాళ్లు దీంతో మొదలుపెట్టొద్దు. ముందు 'బ్లిజర్డ్ ఆఫ్ ఓజ్' వినండి, అందులో తల్లి కోసం అతను కట్టిన 'డీ' అనే చిన్న క్లాసికల్ గిటార్ ముక్కతో సహా. తర్వాత 'ట్రిబ్యూట్'. అవి చెవికి బాగా పట్టాక ఈ సీడీ తీసి నేరుగా రెండో ట్రాక్ పెట్టండి, వెంటనే ఎనిమిదోది, ఆ తర్వాత మొదటి పాట నుంచి వరుసగా. జపాన్ ఆల్బమ్‌లు ఎక్కడైనా దొరికితే, మళ్లీ పాడిన ఈ పాటలను పాత గొంతుతో కూడా వినండి. నేను ఇప్పుడు రెండూ ఒకే ప్లేలిస్ట్‌లో పెట్టుకుని వింటున్నాను.