ఇంజిన్ అరుగుదల తగ్గాలంటే ఏది మేలు: చిక్కటి ఆయిలా, సింథటిక్కా, కోటింగ్ సీసానా?

"మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు, ట్వంటీ ఫిఫ్టీ (20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్) పోయించు సార్." కర్నూలు, అనంతపురం షెడ్లలో వేసవి వస్తే ఇదే మాట. అయితే బయట 43 డిగ్రీలున్నా 23 ఉన్నా, వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ మామూలుగా 90–110 డిగ్రీల మధ్యే తిరుగుతుంది. కూలెంట్ వేడిని థర్మోస్టాట్ చూసుకుంటుంది. 5డబ్ల్యూ-30 అనే పల్చటి గ్రేడులో చివరి 30, అంటే వేడి మీద చిక్కదనం, కొలిచేది కూడా 100 డిగ్రీల దగ్గరే: 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత). అదే 50 అయితే 16.3 పైమాట. అంత చిక్కటిదాన్ని తోయడానికే పంపు పెట్రోలు తింటుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైన వాల్వులు తెరిచే క్యామ్ దాకా ఎక్కడం ఆలస్యం. వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని ఆయిల్ ప్రెషర్‌తో మార్చే ఏర్పాటు) ఉన్న ఇంజిన్లలో సన్నటి దారుల్లో అది సరిగా కదలదు కూడా.

చిక్కటిది పనికొచ్చేది బాగా అరిగి, ఆయిల్ తాగే పాత బండికే. అప్పుడైనా మాన్యువల్ ఒప్పుకుంటే ముందు 40కి వెళ్లండి, ఏకంగా 50కి దూకొద్దు. వేడి మీద ఐడిల్‌లో ఆయిల్ లైటు మిణుకుమంటే మాత్రం ఆయిల్ మార్చి సరిపెట్టుకోకుండా గేజ్ బిగించి ప్రెషర్ చూడాలి.

మిగతా అందరికీ మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ సింథటిక్కే మా ఓటు. పాత ఆయిల్ వేడి మీద దించండి, డ్రెయిన్ వాషర్, ఫిల్టర్ కొత్తవి వేయండి, నిమిషం నడిపి ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. మ్యాక్స్ దాటితే క్రాంకు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగతో బేరింగులు నిలవవు.

లోపల పొర కడుతుందంటూ ఆయిల్‌లో కలపమని అమ్మే కోటింగ్ సీసాకు డబ్బు దండగ. అసలు కోటింగ్ ఫ్యాక్టరీలో పడుతుంది. నిస్సాన్ 2006లో వాల్వ్ లిఫ్టర్లకు వజ్రంలాంటి కార్బన్ పొర వేసింది, జీటీ-ఆర్ కారు సిలిండర్ల లోపలి గోడలకు ప్లాస్మాతో 0.15 మిల్లీమీటర్ల పొర చల్లింది. టెఫ్లాన్ పొడి ఆయిల్‌లో కలిపితే అలాంటి పొర రాదు. అలాంటి ఒక సీసా ప్రకటనల మీద 1996లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది.

ఇంజిన్ విప్పినప్పుడు మాత్రం కోటింగ్ గుర్తుంచుకోండి. పిస్టన్ స్కర్ట్ మీద నల్లటి పట్టీ కనబడితే అది మసి కాదు, గ్రాఫైట్ లేదా మాలిబ్డినం పొర. చాలామంది మసి అనుకుని ఎమరీ పేపర్‌తో గీకేస్తారు, మీరు గీకొద్దు.

తాడిపత్రి నాపబండల దారుల్లో తిరిగే బండికి ఇంకోటి: ఎయిర్ ఫిల్టర్ దాటాక ఇంజిన్ వైపు ఉన్న పైపు లోపల వేలితో తుడవండి. వేలికి గరగర తగిలితే దుమ్ము సిలిండర్‌లోకి పోతోందన్నమాట. అది ఆపకుండా ఏ ఆయిల్ పోసినా రింగులు మిగలవు.