ముందు వరసలో ఎవరు? షోరూంలో, స్కూల్లో ఒంటి రంగు మీద జరిగిన ట్రైనింగ్ గురించి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షోరూంలో నేను హెచ్ఆర్ చూస్తాను. తొమ్మిదేళ్ళయింది. ఈ జూన్‌లో మా స్టాఫ్‌కి ఒంటి రంగు వివక్ష మీద ఒక ట్రైనింగ్ పెట్టించాను. అదే టీమ్ ఆగస్టులో నాగోల్‌లో మా అమ్మాయి చదివే స్కూల్‌కి కూడా వచ్చింది. రెండు చోట్లా మొదటి నుంచి చివరి దాకా కూర్చున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. టీమ్ పేరు రాస్తే మా షోరూం ఏదో తెలిసిపోతుంది, అది మా షోరూం అమ్మాయిలకు ఇబ్బంది. అందుకే పేరు రాయడం లేదు. ముగ్గురే మనుషులు: ఇద్దరు ఆడవాళ్ళు, ఒక అబ్బాయి. మూడు గంటలకు మా దగ్గర 15,000 రూపాయలు తీసుకున్నారు, స్కూల్‌కి అందులో సగం.

ఎందుకు పెట్టించానో ముందు చెప్పాలి. ఏప్రిల్‌లో ఇబ్రహీంపట్నం నుంచి ఒక అమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. చీరల కొట్టులో రెండేళ్ళ అనుభవం ఉంది. తెలుగు, హిందీ, కాస్త తమిళం మాట్లాడుతుంది. తనను తీసుకుని గోడౌన్‌లో వేశాను. వారం తర్వాత నా దగ్గరికి వచ్చి, "మేడం, నేను చీరలు అమ్మగలను. నన్ను లోపల ఎందుకు వేశారు?" అని అడిగింది. తర్వాత చెప్తానని పంపేసి ఫైల్ తీసి చూశాను. మా ఇంటర్వ్యూ షీట్‌లో 'ప్రెజెంటబుల్' అని ఒక గడి ఉంటుంది. అందులో 'నో' అని నా చేతిరాతే ఉంది. ఆ అమ్మాయి జడ నీటుగా వేసుకుంది, డ్రెస్ ఇస్త్రీ చేసి ఉంది, నవ్వుతూ మాట్లాడింది. నేను 'నో' ఎందుకు రాశానో నాకు తెలుసు. ఆ రాత్రి పాత షీట్లు కూడా తీసి చూశాను. పట్టు సెక్షన్, బిల్లింగ్ కౌంటర్ ఒక రంగు, ఫాల్ పీకో, గోడౌన్ ఇంకో రంగు. ఇన్నేళ్ళుగా అలా విడదీసింది నేనే.

ఇక ట్రైనింగ్ సంగతి. షోరూం తెరవక ముందు ఉదయం ఏడున్నరకి మొదలైంది. 38 మందిమి కింద జంపఖానాల మీదే కూర్చున్నాం. పెద్ద మేడం (ఒకప్పుడు బయాలజీ టీచరట) బోర్డు దగ్గర నిలబడి, "మన ఇళ్ళలో ఒంటి రంగు గురించి అనే మాటలన్నీ చెప్పండి" అంది. ముందు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. కర్రిది, బొగ్గు, కాకి, కాలూ, చామనఛాయ, ఎర్రగా బుర్రగా, రంగు తక్కువ, 'నల్లగా ఉన్నా కళగా ఉంది'. ఆవిడ బొగ్గునీ కాకినీ వదిలేసి రెండు చోట్ల సున్నా చుట్టింది. ఒకటి 'తక్కువ', రెండోది 'ఉన్నా'. "తక్కువ అంటున్నారు కదా, ఎంత ఉండాల్సింది, ఎంత ఉంది?" అని అడిగింది. 'నల్లగా ఉన్నా' అనే మెచ్చుకోలు చిన్నప్పటి నుంచి విన్నవాళ్ళు మాలో సగం మందికి పైనే ఉన్నారు. మా సొంత చెల్లెల్ని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అలాగే మెచ్చుకునేవారు. అది ఏం మాత్రం మెచ్చుకోలో నాకు ఇన్నాళ్ళకు అర్థమైంది.

ఆ తర్వాత సైన్స్ చెప్పింది, కానీ 'తక్కువ' అన్న ఆ మాట మీంచే చెప్పింది. ఒంటికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు తెల్లని ఒంట్లో అయినా, నల్లని ఒంట్లో అయినా దాదాపు ఒకే లెక్కలో ఉంటాయట. తేడా అంతా అవి ఎంత మెలనిన్ చేస్తాయి, ఏ రకం చేస్తాయి అన్నదాన్ని బట్టి వస్తుంది. ఎండ బాగా కాసే చోట, అల్ట్రావయొలెట్ కిరణాల నుంచి కాచుకోవడానికి ఒంట్లో మెలనిన్ ఎక్కువ ఉండడం మేలు. టైలరింగ్ సెక్షన్ అబ్బాయి ఒకడు లేచి, "అంటే మేడం, మనం రంగు తక్కువ అనేవాళ్ళ దగ్గరే రంగు ఎక్కువ ఉంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎస్ఎల్‌సి24ఏ5 అనే జన్యువుకు రంగుతో సంబంధం ఉందని 2005లో జీబ్రాఫిష్ అనే చిన్న చేపలో కనిపెట్టారని, మన హబ్సిగూడలో కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ శాస్త్రవేత్తలు కూడా ఉన్న బృందం దక్షిణ భారతంలో వెయ్యి మందికి పైగా మనుషుల్లో దాన్ని పరిశీలించి 2013లో ప్రచురించిందని చెప్పింది. ఆ జన్యువులో ఒక చిన్న మార్పు ఉంటే ఒంటి రంగు లేతగా ఉంటుంది. మా స్టాఫ్‌లో చాలామంది ఉప్పల్ బస్సులో రోజూ ఆ సీసీఎంబీ గోడ పక్కనుంచే వస్తారు. లోపల ఇలాంటి పని జరుగుతుందని ఎవరికీ తెలియదు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది కౌంటర్ దగ్గర మాటల ప్రాక్టీస్. కస్టమర్ చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటూ "నా రంగుకి నప్పుతుందా?" అని అడుగుతుంది. మా అమ్మాయిలందరూ అలవాటుగా, "ఇందులో మీరు ఫెయిర్‌గా కనిపిస్తారు మేడం" అంటారు. అలా అనమని నేర్పింది మేమే. ట్రైనర్లు ఇద్దరిద్దర్ని నిలబెట్టి ఆ మాట లేకుండా చీర అమ్మమన్నారు. మొదట్లో తడబడ్డారు. తర్వాత "ఈ మెంతి రంగుకి ఆ మెరూన్ అంచు మీ మీద బాగా నప్పుతోంది", "మీ జాకెట్టు ఏ రంగు మేడం, దానికి తగ్గట్టు చూపిస్తా" లాంటివి వచ్చాయి. చీర గురించి మాట్లాడటం మొదలయ్యాక అమ్మకం ఇంకా తేలికైందని పట్టు సెక్షన్ అక్కలే అన్నారు.

క్రీముల గురించి ఒక అరగంట మాట్లాడారు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయిందని అందరికీ తెలుసు. ఆ ఏడాదే షాదీ డాట్ కామ్ రంగును బట్టి వెతికే ఫిల్టర్ తీసేసిందని చాలామందికి తెలియదు. నల్లగా ఉంటే పెళ్ళి కాదు, ఉద్యోగం రాదు అన్నట్టు ప్రకటనల్లో చూపకూడదని ప్రకటనల మండలి 2014లోనే నియమం పెట్టిందట. అసలు అవసరమైన మాట మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే ట్యూబుల గురించి. వాటిలో కొన్ని స్టెరాయిడ్ క్రీములు. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని 2018లో చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. అయినా మా అమ్మాయిల్లో నలుగురు రోజూ రాసుకుంటున్నారు. ఒకమ్మాయికి ఎండలోకి వెళ్తే మొహం మండుతుంది, గడ్డం మీద వెంట్రుకలు వచ్చాయి. ఒక్కసారిగా ఆపేయకుండా స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పారు. ఆ వారమే తనని నేనే తీసుకెళ్ళాను.

ఇప్పుడు నచ్చనివి. స్లైడ్లన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. మా స్టాఫ్‌లో పదో తరగతితో ఆగినవాళ్ళు ఎక్కువ. గంట గడిచాక వాళ్ళే స్లైడ్లు ఆపేసి బోర్డు మీద తెలుగులో రాశారు. ముందే అడగాల్సింది. రెండోది ఇంకా పెద్ద తప్పు. 'మిమ్మల్ని బాధపెట్టిన ఒక సంఘటన చెప్పండి' అని వరసగా అందరి చేతా చెప్పించబోయారు. గోడౌన్ అమ్మాయి ఒకతి సూపర్‌వైజర్ ఎదురుగా ఏమీ చెప్పలేక ఏడ్చేసింది. పై వాళ్ళు ఎదురుగా ఉండగా కింద వాళ్ళని గాయం విప్పి చూపించమనడం సరికాదు. నేను లేచి ఆపించాను. వాళ్ళు వెంటనే క్షమాపణ చెప్పి, ఇష్టమున్నవాళ్ళు కాగితం మీద పేరు లేకుండా రాయవచ్చన్నారు. మూడోది వాళ్ళ తప్పు కాదు. పైన ఆఫీసులో కూర్చునేవాళ్ళు ఒక్కరూ రాలేదు.

అయితే చివర్లో వాళ్ళు అడిగిన ఒక్క మాటకే ఆ డబ్బు చెల్లిందంటాను. "మీ డ్యూటీ చార్ట్ చూపిస్తారా?" అని అడిగారు. ఎవరు ఏ కౌంటర్‌లో, ఎప్పటి నుంచి ఉన్నారో చూసి, సెక్షన్లు పదిహేను రోజులకోసారి మార్చమన్నారు. రాజ్యాంగం 15వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి గానీ రంగు అన్న మాట లేదు. కాబట్టి ఇది మా చార్ట్‌లో మేమే రాసుకోవాలి అన్నారు. 'ప్రెజెంటబుల్' గడి తీసేసి అక్కడ 'చీర రకాలు తెలుసా, లెక్క వచ్చా, ఏయే భాషలు' అని పెట్టాను. ఆషాఢం సేల్‌లో మనుషులు చాలక చార్ట్ మార్చడం తేలికైంది. ఇబ్రహీంపట్నం అమ్మాయి పట్టు సెక్షన్‌లో నిలబడింది. కస్టమర్లు గొడవ చేస్తారని సూపర్‌వైజర్‌కి ఒకటే టెన్షన్. నెల మొత్తంలో ఒక్క కస్టమర్ కూడా ఏమీ అనలేదు.

స్కూల్లో ఇదే టీమ్ ఇంకా బాగా చేసింది. నాలుగో తరగతి పిల్లలకి స్లైడ్లూ లేవు, ఉపన్యాసమూ లేదు. 'స్కిన్ కలర్ పెన్సిల్ తియ్యండి' అన్నారు. అందరూ ఆ లేత గులాబీ పెన్సిలే తీశారు. దాన్ని చేతి పక్కన పెట్టి చూసుకోమన్నారు. 34 మందిలో ఒక్కరికీ కలవలేదు. గోధుమ, పసుపు, నారింజ, కొంచెం ఎరుపు కలిపి ఎవరి చెయ్యి వాళ్ళు వేసుకున్నారు. మా అమ్మాయి ఇప్పుడు ఆ గులాబీ పెన్సిల్‌ని 'పీచ్' అంటుంది.

టీచర్లతో విడిగా గంటసేపు కూర్చున్నారు. ఎవరైనా ఒక పిల్లని 'బ్లాకీ' అంటే టీచర్లు సాధారణంగా "కృష్ణుడూ నల్లనివాడే కదా" అనో, "నలుపు నారాయణ మెచ్చు" అనో ఓదారుస్తారు. క్లాసు ముందు అలా అంటే ఆ పిల్లకి లోపం ఉందని టీచరే ఒప్పుకున్నట్టు అవుతుందని, మాట అన్నవాడితోనే మాట్లాడాలని చెప్పారు. తర్వాత యాన్యువల్ డే డాన్సు గురించి అడిగారు. ముందు వరస ఎలా పెడతారు అంటే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "స్టేజి లైట్లకి కనిపించాలి కదా మేడం" అని ఒక టీచర్ నిజాయితీగా చెప్పింది. కోపం తెచ్చుకోకుండా లైట్లు ఎలా పెడితే అన్ని మొహాలూ కనిపిస్తాయో ట్రైనర్ అబ్బాయి గీసి చూపించాడు. ఈసారి వరసలు ఎత్తును బట్టి పెడతామని, పాట మధ్యలో వెనకవాళ్ళు ముందుకు వస్తారని, ఎవరి మొహానికీ తెల్లపౌడర్ పూయబోమని స్కూల్ వాళ్ళు సర్క్యులర్ రాశారు.

తల్లిదండ్రుల సెషన్‌కి 11 మందే వచ్చారు. శనివారం పొద్దున పెట్టడం వల్ల చాలామందికి కుదరలేదు, సాయంత్రం పెట్టాల్సింది. మా అత్తయ్య నాతో వచ్చింది. నేను కడుపుతో ఉన్నప్పుడు రోజూ పాలల్లో కుంకుమపువ్వు వేసి ఇచ్చింది ఆవిడే. "అయితే మా అమ్మ చెప్పింది అబద్ధమా?" అని అడిగింది. "పాలు మంచివేనమ్మా, ప్రేమతోనే ఇచ్చారు. బిడ్డ రంగు మాత్రం దాంతో రాదు" అన్నారు పెద్ద మేడం. ఇంటికొచ్చే దాకా అత్తయ్య ఏమీ మాట్లాడలేదు. మర్నాడు మా ఆడపడుచుతో ఫోన్‌లో, వాళ్ళ బాబు రంగు అడగబోయి ఆగి, "పాలు బాగా తాగుతున్నాడా?" అని అడిగింది.

మీరు పిలిపించాలనుకుంటే స్లైడ్లు తెలుగులో కావాలని ముందే చెప్పండి. సూపర్‌వైజర్లని, స్టాఫ్‌ని విడివిడిగా కూర్చోబెట్టమనండి. డ్యూటీ చార్ట్, ఇంటర్వ్యూ షీట్లు తీసి దగ్గర పెట్టుకోండి. దసరా రద్దీ అయ్యాక మా దగ్గర రెండో సెషన్ పెట్టాలని, ఈసారి పై ఆఫీసు వాళ్ళు కూడా కూర్చోవాలని మెయిల్ రాశాను. జవాబు రాలేదు, మళ్ళీ రాస్తాను.