'ఎయిర్ ఫ్లో కిట్' అంటూ కారు బానెట్ ఎత్తుతారు, జాగ్రత్త

చిన్న పెట్రోల్ కారు ఉన్నవాళ్లు ఒకసారి చదవండి. యాక్సెసరీస్ షాపుల్లో 'ఎయిర్ ఫ్లో కిట్' అని ఒకటి అంటగడుతున్నారు. కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ బాక్సు పీకేసి, ఎర్ర రంగు కోన్ ఫిల్టర్ ఒకటి, గాలి వెళ్లే హోస్ లోపల రేకుతో చేసిన చిన్న ఫ్యాను ఒకటి, ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి వచ్చే బ్రీదర్ పైపు చివర బుల్లి ఫిల్టర్ ఒకటి పెడతారు. మూడింటికీ కలిపి నా దగ్గర 6,500 తీసుకున్నారు. పికప్ పెరుగుతుందన్నారు, లీటరుకి మూడు నాలుగు కిలోమీటర్లు ఎక్కువొస్తాయన్నారు. మైలేజీ అక్కడే ఉంది. ఎక్కువొచ్చిందల్లా మోత, వేడిగాలి, ఇంజిన్‌లోకి దుమ్ము.

నాది 998 సీసీ, మూడు సిలిండర్ల బండి. షాపు విజయవాడలోనే. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే సరుకు ఇవే మాటలతో చాలా ఊళ్లలో అమ్ముతున్నారు. ఒక్క షాపు తప్పించుకుంటే సరిపోదు, ఆ మాటల్ని గుర్తుపట్టాలి.

మొదటి మాట ఇది: "కంపెనీ బాక్సులో ఇంజిన్‌కి ఊపిరాడదు సార్." నిజంగా ఆడదా? మామూలుగా యాభై అరవైలో వెళ్తున్నప్పుడు గాలిని ఆపేది ఫిల్టర్ కాదు, థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలి దారిని తెరిచి మూసే ప్లేటు. మన కాలు యాక్సిలరేటర్ మీద ఎంత తక్కువగా ఉంటే ఆ ప్లేటు అంత మూసుకుని ఉంటుంది. దాని ముందు ఫిల్టర్ ఎంత ఖరీదైనది పెట్టినా దారి అక్కడే ఇరుకు. ఫుల్‌గా తొక్కినప్పుడే ఫిల్టర్ సంగతి లెక్కలోకి వస్తుంది. అదీ ఎంతో మీరే చూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే చవక ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ రీడింగులు చదివేది) చాలు, ఫోన్‌కి కలిపితే మానిఫోల్డ్ ప్రెషర్, అంటే థ్రాటిల్ దాటి ఇంజిన్‌కి అందే గాలి ఒత్తిడి, చూపిస్తుంది. కీ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు కనిపించేది బయటి గాలి ఒత్తిడి. మా దగ్గర 100 కిలోపాస్కల్స్ చూపించింది. పక్కన ఒకరిని కూర్చోబెట్టి, ఖాళీ రోడ్డు మీద ఫుల్‌గా తొక్కినప్పుడు చూడమంటే, కంపెనీ బాక్సుతోనే 97 వచ్చింది. అంటే ఫిల్టర్, గొట్టాలు, థ్రాటిల్ అన్నీ కలిసి తినేస్తున్నది ఆ మూడే. ప్రపంచంలో ఏ ఫిల్టర్ పెట్టినా అంతకుమించి తెచ్చి ఇవ్వలేదు. కోన్ ఫిల్టర్‌తో 98కి అటూ ఇటూ ఊగింది, అంతే.

మైలేజీ మాట ఇంకా విడ్డూరం. పెట్రోల్ ఇంజిన్‌లో కంప్యూటర్ గాలిని కొలిచి, దానికి తగ్గట్టు, బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్ వదులుతుంది. గాలి ఎక్కువ వెళ్తే పెట్రోలూ ఎక్కువే వెళ్తుంది. అమెరికాలో ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ వాళ్లు 2009లో కావాలనే మూసుకుపోయేలా చేసిన ఫిల్టర్లతో కార్లను పరీక్షించారు. కొత్తరకం ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో మైలేజీకి చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదు. ఫుల్‌గా తొక్కినప్పుడు పికప్ మాత్రం తగ్గింది. మూసుకుపోయిన ఫిల్టరే మైలేజీ తగ్గించనప్పుడు, బాగున్న ఫిల్టర్ తీసేస్తే మైలేజీ ఎక్కడినుంచి పెరుగుతుంది?

మరి కిట్ వేయించుకున్నవాళ్లంతా బండి లాగుతోందని ఎందుకంటారు? శబ్దం వల్ల. ఫిల్టర్ బాక్సు దగ్గర ఉండే ఖాళీ డబ్బాలాంటి రెసొనేటర్ పని ఇంజిన్ గాలి పీల్చే మోతను మింగడం. అది పోగానే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా బండి గర్జిస్తుంది. షాపువాడు టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లేది కూడా అద్దాలు దించే. చెవికి స్పీడు, మీటరుకి కాదు.

వేడి సంగతి వాళ్లు ఎత్తరు. కంపెనీ బాక్సుకి ఒక ముక్కు ఉంటుంది, అది ముందు గ్రిల్ వైపునుంచి బయటి గాలి తెచ్చుకుంటుంది. కోన్ ఫిల్టర్ బానెట్ కిందే ఇంజిన్ పక్కన బోసిగా కూర్చుని అక్కడి గాలినే పీలుస్తుంది. మే నెలలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అదే స్కానర్‌లో ఇంజిన్ పీల్చే గాలి (ఇంటేక్) వేడి 65 డిగ్రీలు దాటింది. ఏసీ వేసుకుని గ్రీన్ పడ్డాక కదలడానికి బండి మొరాయించేది. గాలి దాదాపు మూడు డిగ్రీలు వేడెక్కితే ఒక శాతం పలచబడుతుంది. బయటి గాలికన్నా ఇరవై డిగ్రీలు వేడెక్కిన గాలి పీలిస్తే ఆరు శాతం దాకా పవర్ పోయినట్టే. ఫిల్టర్‌తో వచ్చిందంటున్న ఒక్క శాతం ఏ మూలకి?

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది దుమ్ము. నేను రోజూ వెళ్లేది ఇబ్రహీంపట్నం మీదుగా, థర్మల్ స్టేషన్ బూడిద లారీలు తిరిగే రోడ్డు. ఆయిల్ మార్పించడానికి మా పాత మెకానిక్ దగ్గరికి వెళ్తే బానెట్ ఎత్తగానే, "ఇదెవరు పెట్టారు బాబూ?" అన్నాడు. క్లాంపు వదులుచేసి హోస్ విప్పాడు. జేబులోంచి తెల్ల కాటన్ గుడ్డ తీసి, వేలికి చుట్టి, ఫిల్టర్ తర్వాత ఉండే భాగంలో, అంటే గాలి శుభ్రంగా రావాల్సిన చోట, ఒక్కసారి తిప్పాడు. గుడ్డ మీద బూడిదరంగు ముద్ద. కొంచెం వేళ్ల మధ్య నలిపి చూపించాడు, గరగరలాడింది. థ్రాటిల్ ప్లేటు అంచున కూడా అదే గార. బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. సిలికా మామూలు స్టీలు కన్నా గట్టిది. పిస్టన్ రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య చేరితే రెంటినీ అరగదీస్తుంది. ఆ తర్వాత ఆయిల్ తాగడం, నీలిపొగ. ఫుల్‌గా తొక్కి 3,000 ఆర్‌పీఎంలో నడిపితే ఒక లీటరు ఇంజిన్ నిమిషానికి 1,500 లీటర్ల దాకా గాలి లాగుతుంది. అందులో కొంచెం దుమ్ము జారినా ఏడాదికి ఎంతవుతుందో చూసుకోండి. పేపర్ ఫిల్టర్ రెండు మూడు వందల సరుకే కావచ్చు, ఈ పనిలో దానికి సాటి లేదు.

ఇక ఆ రేకు ఫ్యాను. గాలిని సుడి తిప్పి పంపుతుందట. దారిలో అడ్డం పెట్టిన రేకు గాలిని ఆపుతుంది గానీ పెంచదు. తిప్పిన సుడి కూడా థ్రాటిల్ ప్లేటుకి కొట్టుకుని అక్కడే చెదిరిపోతుంది. మా మెకానిక్ బయటికి తీసినప్పుడు ఒక రెక్క అతుకు దగ్గర సగం చీలి ఊగుతోంది. ఊడి లోపలికి వెళ్లుంటే ఇంజిన్ పని అయిపోయేది.

వేడిగాలి సంగతి అడిగితే షాపువాడు తడుముకోకుండా ఇంకో 4,000 చెప్పాడు. 'కోల్డ్ పైపు' అట, బంపర్ కింద దాకా దించుతారట. ఇది దయచేసి ఎవరూ చేయించకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో బండ్ల గతి ఏమైందో చూశాం. గాలిపైపు మూతి అంత కింద ఉంటే వరద కూడా అక్కర్లేదు, రోడ్డు మీద నిలిచిన వాననీరు చాలు. నీళ్లు సిలిండర్లోకి వెళ్తే గాలిలా నొక్కుకుపోవు, పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు ఇన్సూరెన్స్‌లో సాధారణంగా ఈ నష్టానికి డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉండాలి. ఉన్నా, పైపు మార్చి ఉందని సర్వేయర్ రాస్తే తిప్పలే. వారంటీ సంగతీ అంతే. సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డులో 'ఇంటేక్ మోడిఫైడ్' అని ఒక్క ముక్క రాస్తే రేపు ఇంజిన్ క్లెయిమ్‌కి అది అడ్డం పడుతుంది.

నాకు అన్నిటికన్నా ఒళ్లు మండింది పాత బాక్సు దగ్గర. బిగించే రోజు "పాత సామాను మీకెందుకు సార్, మేం పడేస్తాం" అన్నారు. తిరిగి అడిగితే స్క్రాప్‌కి వేసేశామన్నారు. కొత్త బాక్సు, ముక్కు, రెసొనేటర్, క్లిప్పులు కలిపి స్పేర్ పార్ట్స్‌లో కిట్ ధరకి దగ్గరగా ఉంది. చివరికి ఆటోనగర్‌లో పాత సామాన్ల దగ్గర దొరికింది, రబ్బరు సీలు మాత్రం కొత్తది వేయించాను. ఏ పని చేయించుకున్నా తీసిన సామాను డిక్కీలో వేయించుకుని రండి.

డబ్బు వాపసు ఇవ్వనన్నారు. నా చేతిలో ఉన్నది తెల్లకాగితం మీద 'ఫిల్టర్ వర్క్' అని రాసిన చీటీ. జీఎస్టీ బిల్లు, 'మైలేజీ పెరుగుతుంది' అన్న మాట వాట్సాప్‌లోనైనా ఉంటే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేసే ఫిర్యాదుకి బలం. నా దగ్గర యూపీఐ పేమెంట్ వివరం ఉంది కాబట్టి దానితోనే ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.

బండి నిజంగా బిగబట్టినట్టుంటే ముందు కంపెనీ బాక్సే విప్పి చూడండి. క్లిప్పు సరిగా పడకపోవడం, ముక్కులో ఎలుకలు గూడు పెట్టడం, థ్రాటిల్ ప్లేటుకి కార్బన్ పట్టడం, మా మెకానిక్‌కి ఎక్కువగా దొరికేవి ఇవేనట. కొన్ని వందల్లో అయిపోయే పని. ఇప్పటికే కిట్ వేయించుకుని ఉంటే ఇంజిన్ చల్లారాక హోస్ విప్పి, ఫిల్టర్ తర్వాతి భాగంలో తెల్లగుడ్డ తిప్పండి. దుమ్ము అంటితే హోస్ తుడిపించి, థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించి, ఇంజిన్ ఆయిల్ మార్పించండి. పాత బాక్సు దొరికేదాకా మట్టిరోడ్డు ఎక్కించకండి.